కట్ట క్రింది ఊట: మెదడు పటములు చెప్పునది, చెప్పనిది



ఈనాటి ప్రసంగము ఒక చిక్కునుగూర్చి. కొల్లిపర ప్రాంతపు రైతు ఒకడు ఏటేట గుంటూరికో విజయవాడకో పోయి మెదడునకును వెన్నుపామునకును ఎమ్మారై పటము తీయించుకొనుచున్నాడనుకొనుడు. ఏటేట వచ్చు కాగితముమీద ఒకటే మాట: క్రొత్త మచ్చలు లేవు, మందు పీల్చిన మచ్చలు లేవు. ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని అతడు పోయిన యేడు చేతికఱ్ఱ లేకుండ అరటితోట గట్టువఱకు నడచెను. ఈ యేడు కఱ్ఱ యున్నను బస్సు నిలుచు చోటికి పోలేకున్నాడు. కాగితము బాగున్నదని చెప్పుచుండగా కాలు బాగులేదని చెప్పుచున్నది. ఇట్టి తగవులో సాధారణముగ ఓడిపోవునది కాలే. ఇంటివారు మొదట ధైర్యము చెప్పుదురు, తరువాత సోమరితనమని విసుగుకొందురు, తుదకు మనోవ్యాధి యందురు. ఈ వర్ణన ఏ యొక్కరిదియు కాదు. ఈ వ్యాధి ముదిరిన వారిలో పెక్కుమంది కథ. పటము ఏమి చూపగలదో, ఏమి చూపలేదో తెలిసినచో ఈ తగవు తీఱును.

వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పారిస్ నగరములోని సాల్‌పెట్రియేర్ వైద్యశాలలో శార్కో అను వైద్యుడు 1868లో దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను. మరణించినవారి మెదడును కోసి చూడగా అచ్చటచ్చట గట్టిపడిన మచ్చలు కనబడుటచే అట్టి పేరు కలిగినది. మన నరముల తంతువులకు మయిలిన్ అను క్రొవ్వుపొఱ విద్యుత్తీగకు రబ్బరు తొడుగువలె చుట్టుకొని యుండును. మన దేహమును రక్షింపవలసిన కణములే ఈ తొడుగును శత్రువుగా నెంచి కొఱికివేయును. తొడుగు పోయినచోట వార్త నెమ్మదించును. తీగయే తెగినచోట వార్త ఆగిపోవును. కంటిచూపు మసకబాఱుట, కాళ్లు చేతులు తిమ్మిరెక్కుట, మూత్రము పట్టు తప్పుట, నడక తూలుట, ఎండలో నిలిచినంతనే సత్తువ హరించుట: ఏ తీగ చెడినదో దానినిబట్టి లక్షణము.

ఇది మన దేశమున అరుదైన వ్యాధియే. మంగుళూరులో ఇటీవలి కాలమున జరిపిన గణనలో లక్షమందికి సుమారు ఎనిమిదిమంది తేలిరి. ఉత్తర ఐరోపా దేశములలో ఇది నూటిని దాటును. కావున మన పల్లెలలో కాళ్లు క్రమముగా పట్టు తప్పిన ప్రతివానికిని ఈ వ్యాధియే యని భయపడరాదు. బి-12 విటమిను కొఱత, మెడయెముకలు అరిగి వెన్నుపామును నొక్కుట, వెన్నెముకకు పట్టిన క్షయ, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని ఫ్లోరైడు నీటివలన ఎముకలు పెరిగి నరములను బిగించుట: ఇవి యన్నియు ఇట్టి నడకనే తెచ్చును, వీనిలో కొన్ని పూర్తిగా కుదురును. మొదట వానిని విచారించి త్రోసివేసిన పిదపనే ఈ పేరు పెట్టవలెను.

ఈ వ్యాధి నడక రెండు విధములు. ఎక్కువమందికి మొదట అది వచ్చి పోవుచుండును: ఒక దెబ్బ తగులును, కొన్ని వారములలో చాలవఱకు తేఱుకొందురు, కొంతకాలమునకు మఱియొక దెబ్బ. పెక్కేండ్ల పిదప ఈ దెబ్బలు తగ్గును. దెబ్బలు తగ్గినవని సంతసించులోపల, దెబ్బ యేదియు లేకయే, నెలనెలకు తెలియక, ఏడేటికి తెలియునట్లు శక్తి క్షీణింప నారంభించును. దీనిని ద్వితీయ ప్రగామి దశ యనవచ్చును. పదిమందిలో ఒకరికో ఇంకను కొంచె మెక్కువమందికో మొదటినుండియు ఈ నెమ్మదియైన క్షయమే. అది ప్రథమ ప్రగామి. నా ప్రసంగమంతయు ఈ నెమ్మది దశనుగూర్చియే.

ఇక శోథము అను మాట. వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఆచోటు ఎఱ్ఱబాఱి, వేడెక్కి, ఉబ్బి, నొప్పి పుట్టునుగదా. రక్షణకణములు పోగై చేయు ఆ సంక్షోభమే శోథము. మన వాడుకలో 'మెదడువాపు' అనగానే పిల్లలకు దోమకాటువలన వచ్చు జపనీయ జ్వరము తలంపునకు వచ్చును. ఈ వ్యాధికిని దానికిని సంబంధము లేదు. అందుచేతనే వాపు అను మాట విడిచి శోథ మనుచున్నాను.

బ్రతికియున్న మనుష్యుని మెదడులో శోథమును చూచుట యెట్లు? ఎమ్మారై యంత్రము నిజమునకు ఒక రేడియోయే. రోగిని గొప్ప అయస్కాంతము నడుమ పరుండబెట్టుదురు. 1.5 టెస్లా అయస్కాంతము భూమి అయస్కాంతశక్తికి ముప్పదివేల రెట్లకు పైబడినది. ఆ బలమునకు దేహములోని నీటియందలి ఉదజని కేంద్రకములు వరుస తీఱును. అప్పుడు సుమారు 64 మెగాహెర్ట్జుల రేడియో తరంగము పంపినచో అవి ఊగి, మఱల సర్దుకొనుచు తామే తిరిగి రేడియో సంకేతము పంపును. 3 టెస్లా యంత్రమైనచో 128 మెగాహెర్ట్జులు. అనగా మీరు ఇంటిలో వినుచున్న ఎఫ్.ఎం. ప్రసారములకు కొంచెము పైమెట్టు. నీరు క్రొవ్వునందు ఒక రీతిగా, వట్టి నీటియందు ఒక రీతిగా, ఉబ్బిన ధాతువునందు మఱియొక రీతిగా పలుకును. ఆ పలుకులనుండి పటమును అల్లు ఉపాయమును లాటర్‌బర్ 1973లో వెల్లడించెను. ఆయనకును మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెలు బహుమానము వచ్చినది.

లండనులోని హ్యామర్‌స్మిత్ వైద్యశాలవారు 1981లో ఈ వ్యాధి గల పదిమందిని పరీక్షించిరి. అంతకుముందున్న సీ.టీ. యంత్రము వారిలో 19 మచ్చలను చూపగా, ఈ క్రొత్త యంత్రము వానికి తోడుగా మఱి 112 మచ్చలను చూపినది. ఒక్కసారిగా తెఱ తొలగినట్లయ్యెను. అయితే మచ్చ కనబడిన మాత్రమున అది నిన్నటిదో, పదేండ్లనాటిదో తెలియదు. 1980 దశకము చివరిభాగమున గడోలినియము అను లోహపు ద్రావకమును నరములోనికి ఎక్కించి పటము తీయుట మొదలయ్యెను. మెదడు రక్తనాళముల గోడలు బహు కట్టుదిట్టమైనవి. మామూలుగా ఈ ద్రావకమును లోపలికి పోనీయవు. క్రొత్త శోథము రగిలినచోట గోడ సడలును, ద్రావకము చిమ్ముకొని ఆ మచ్చ తెల్లగా మెఱయును. ఆ మెఱపు చాల మచ్చలలో కొద్ది వారములే నిలుచును. కాగితముమీద 'మందు పీల్చిన మచ్చ' అని వ్రాయునది దీనినే.

కృష్ణ ఒడ్డున కరకట్ట నెఱిగిన మీకు దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. 2009లోను 2024లోను వరదలు చూచినవారు కట్టకు గండి పడుట యెట్లుండునో ఎఱుగుదురు. గడోలినియము చూపునది గండిని. కాని కట్ట తెగకయే, అడుగునుండి చెమ్మ ఊఱి ఊఱి, కట్ట వెనుక పొలమును చవుడుబాఱించు ఊట వేఱొకటి కలదుగదా! కట్టమీద నడచి చూచు అధికారికి అది కనబడదు. గండి లేదని వ్రాసిన నివేదిక నిజమే. పసుపు దుంప కుళ్లినదని రైతు చెప్పుటయు నిజమే.

మెదడులో ఇట్టి ఊట కలదని తెలిసికొనుటకు చాలకాలము పట్టెను. లండను నగరపు క్వీన్ స్క్వేరు వైద్యులు 1991లో ప్రకటించిన పరిశీలన ఈ చిక్కును ప్రపంచము ముందు పెట్టినది. ద్వితీయ ప్రగామి దశలో నున్న 12మందికిని, ప్రథమ ప్రగామి గల 12మందికిని ఆఱునెలలపాటు పలుమాఱులు పటములు తీసిరి. మొదటి గుంపులో 109 క్రొత్త మచ్చలు పుట్టగా వానిలో చాలభాగము గడోలినియమునకు మెఱసినవి. రెండవ గుంపులో పుట్టినవి 20 మాత్రమే. వానిలో మెఱసినది ఒక్కటి. అయినను రెండు గుంపులవారును క్షీణించుచునే యుండిరి. దీనినిబట్టి కొందఱు, ప్రగామి దశలో శోథమే లేదు, తీగలు తమంతట తామే ఎండిపోవుచున్నవి, కావున శోథమును అణచు మందులు వ్యర్థమనిరి. ఆ తీర్మానము తొందరపాటని నా అభిప్రాయము. పనిముట్టు చూపలేనిదానిని లేనిదానిగా నెంచుట అది. సూక్ష్మదర్శినితో శవపరీక్షలు చేసినవారు మాత్రము ప్రాత మచ్చల అంచులలోను, మెదడును కప్పు పొఱలలోను రక్షణకణములు కాపురముండుట చూచుచునే యుండిరి. రక్తనాళపు గోడ మూసికొన్న తరువాత లోపల చిక్కిన శోథమది. బయటినుండి వచ్చు దండు కాదు. ఇంటిలో స్థిరపడిన వైరము.

బ్రతికియున్నవారిలో ఆ ఊటను పట్టుటకు వెదకిన మార్గములలో ఒకదానికి మన తెలుగువారి చేయి తగిలియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొన్నట్లు ప్రకటించిరి. కండరములును మెదడును అత్యవసరమునకు దాచుకొను శక్తినిల్వ అది. ఇప్పుడు ఎమ్మారై యంత్రముతోనే పటమునకు బదులు రసాయనముల పలుకును వినవచ్చును. ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క స్థాయిలో శ్రుతి చేయును. ఆ శ్రుతులలో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రెండును కలిసి ఒకే శిఖరముగా లేచును. నాడీతంతువుల ఆరోగ్యమును తెలుపు వేఱొక పదార్థము, ఎన్-అసిటైల్ ఆస్పర్టేటు, దాని ప్రక్కనే మఱియొక శిఖరము. మొదటిదానిని కొలబద్దగా పెట్టుకొని రెండవది ఎంత తగ్గినదో కొలుచుట ఈ వ్యాధి పరిశోధనలో వాడుకయైనది. సుబ్బారావుగారు పరీక్షనాళికలో పట్టిన పదార్థము ఇట్లు మనుష్యుని తల తెఱవకయే మెదడు కొలుచుటకు గుఱుతైనది. ఈ కొలబద్ద అన్నివేళల నిశ్చలముగా ఉండదని తరువాతివారు హెచ్చరించిరి, అదియు న్యాయమే.

ఈ పద్ధతితో హ్యూస్టన్ నగరములోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున పొన్నాడ నారాయణ అను ఆచార్యుడు (ఇంటిపేరు మన శ్రోతలకు క్రొత్తది కాదు) తన తోడివారితో చేసిన పని 1998లో వెలువడినది. ఒక్కసారి చూచి విడువక, అవే రోగులను మఱల మఱల యంత్రములో పరుండబెట్టి, పటమును రసాయనపు పలుకును జతచేసి చూచిరి. గడోలినియమునకు మెఱయని చోట్ల, ఎమ్మారైలో మచ్చయే లేని చోట్లకూడ, కొందఱిలో క్రొవ్వు శిఖరములు బలముగా లేచెను. మయిలిన్ చితికినప్పుడు వెలువడు క్రొవ్వు అది యని వారు భావించిరి. అనగా కంటికి నిక్షేపముగా కనబడు భాగమునందును పని చెడుచున్నదన్నమాట. ఆ పరీక్షలోని వారందఱును ప్రగామి దశవారని కాదు; నేనిక్కడ ఎత్తిచూపునది, మెఱపు లేనిచోట చేటు లేదనుట నిజము కాదని అప్పుడే సూచన దొరకినదనియే. రసాయనపు పలుకును వినుట మాత్రము నెమ్మదియైన పని. నేటికిని అది పరిశోధనాలయములు దాటి సామాన్య వైద్యశాలలకు ఎక్కువగా రాలేదు.

అంతకన్న సులభముగా ఊరూరికి రాగల గుఱుతు ఇనుప అంచు. ప్రాత మచ్చలలో కొన్నింటి చుట్టు మైక్రోగ్లియా అను మెదడు కాపరికణములు వరుస కట్టి, చచ్చిన కణములనుండి వెలువడిన ఇనుమును మ్రింగి నిలుచును. ఇనుము అయస్కాంతమును కొంచెము కదలించునుగదా. ఆ కదలికను పట్టు పటములో మచ్చ చుట్టు సన్నని నల్లని ఉంగరము కనబడును. నడుమ చల్లారిన బూడిద, చుట్టు నివురుగప్పిన నిప్పు. అమెరికాలో బెథెస్డాయందలి జాతీయ ఆరోగ్యసంస్థలవారు 7 టెస్లా యంత్రముతో 192మందిని పరీక్షించి 2019లో తేల్చినదేమనగా, సగముకన్న ఎక్కువమందిలో ఇట్టి ఉంగరము ఒకటియైనను కలదు. నాలుగు, అంతకుమించి యున్నవారు నడకలోను తెలివిలోను చిన్నవయస్సుననే దెబ్బతినిరి. వియన్నా నగరపు పరిశోధకులు అవే ఉంగరములను ఏడేండ్లవఱకు వెంబడించి చూచిరి. చాల మచ్చలు కాలక్రమమున ముడుచుకొనును, కాని ఉంగరము గల మచ్చలు కొంతకాలము పెరుగుచు పోయి, ఉంగరము మాసిన పిదపనే నెమ్మదించెను. మచ్చయనగా ఒకనాటి గాయముయొక్క మాన్పు గుఱుతని నమ్మినవారికి ఇది క్రొత్త పాఠము.

7 టెస్లా యంత్రము ప్రపంచమున బహుకొద్ది చోట్లనే కలదు. అయినను ఈ ఉంగరములను 3 టెస్లా యంత్రముతోను చూడవచ్చునని తరువాత తేలినది. అందులకు క్రొత్త యంత్రము కొననక్కఱలేదు, ఎస్.డబ్ల్యూ.ఐ. అను ప్రత్యేకపు పటమును, దాని 'ఫేజ్' చిత్రముతో సహా, తీయుమని వైద్యుడు వ్రాసియుండవలెను, చూచువాడు ఉంగరముకొఱకు వెదకియుండవలెను. మన నగరములలో ఈ పటమును మెదడులో రక్తస్రావము చూచుటకై తఱచు తీయుచునే యున్నారు. ఈ వ్యాధిని నిర్ణయించు అంతర్జాతీయ సూత్రములను మెక్‌డొనాల్డు సూత్రములందురు. 2024 సవరణలో (అది 2025లో అచ్చయినది) ఈ ఉంగరపు మచ్చలకును చోటు దొరకినది. ఇది యింతవఱకు పరిశోధకుల ముచ్చటగా నుండినది. ఇక రోగి వైద్యుని అడుగదగిన ప్రశ్నయైనది.

మఱియొక మార్గము పెట్ అను పరీక్ష. రగిలిన కాపరికణములలో టి.ఎస్.పి.ఓ. అను మాంసకృత్తు మెండుగా నుండును. దానికి అంటుకొను ఔషధమునకు కిరణశక్తి గల కర్బనపు పరమాణువును తగిలించి రక్తములోనికి పంపినచో, అవి గుమిగూడిన చోటినుండి కిరణములు వెలువడును. ఫిన్లండులోని తుర్కూ నగరమువారు దీనిలో పేరెన్నిక గన్నారు. 2020లో వారు చెప్పినదేమనగా, మచ్చలు లేనట్లు కనబడు తెల్లని ధాతువులో కాపరికణములు ఎవరికి ఎక్కువగా రగిలియుండెనో, వారే తరువాతి సుమారు నాలుగేండ్లలో ఎక్కువగా క్షీణించిరి. పటము నేటి స్థితిని మాత్రమే గాక రేపటి నడకను కొంత ముందుగా చెప్పినట్లయినది. అయితే ఇది మన ఊరికి వచ్చు పరీక్ష కాదు. ఆ కర్బనము ఇరువది నిమిషములకు సగమగును. విజయవాడలో తయారుచేసి తెనాలికి పంపినచో, గంట ప్రయాణములో ఎనిమిదవ వంతు మిగులును. యంత్రమును, కర్బనమును తయారుచేయు సైక్లోట్రానును ఒకే ఆవరణలో నుండవలెను. అదిగాక, టి.ఎస్.పి.ఓ. పెరిగినచోట కణములు నిజముగా రగిలినవో, సంఖ్యలో పెరిగినవో వేఱుచేసి చెప్పజాలమని ఇటీవల గట్టి సందేహములు వచ్చినవి. కొందఱిలో పుట్టుకతోనే ఆ మాంసకృత్తు ఔషధమును సరిగా పట్టదు. ముందుగా రక్తము పరీక్షించి వారిని గుఱుతింపవలెను.

మెదడు పైపొఱలలోని శోథమును చూచుటకును యత్నములు జరిగినవి. 2015లో ప్రకటించిన ఒక పరిశీలనలో, గడోలినియము ఎక్కించి కొంతసేపాగి తీసిన పటములలో, ప్రగామి దశవారిలో మూడవవంతు మందికిని, వచ్చిపోవు దశవారిలో అయిదవవంతు మందికిని పొఱలలో మెఱపు కనబడెను. మచ్చలలోని మెఱపువలె అది వారములలో పోదు. ఏండ్ల తరబడి అక్కడనే యుండును. ఇది ఎంతవఱకు భవిష్యత్తును చెప్పునో ఇంకను వాదములు జరుగుచున్నవి గనుక ఇంతటితో విడుతును.

వీనియన్నిటిలోను ముఖ్యమైన మాట కాలము. ఒక్క పటము ఒక్క ఛాయాచిత్రము. ఊట ఒక్క దినమున కనబడదు. ఆరోగ్యవంతుని మెదడు మధ్యవయస్సున ఏటికి నూటికి పావువంతు లోపల తగ్గును. ఈ వ్యాధిలో అరవంతు, ఒకప్పుడు ఒక వంతునకు పైగా తగ్గును. ఇంత సూక్ష్మమైన తేడా కంటికి ఆనదు. అదే యంత్రముమీద, అదే పద్ధతిని, ఏండ్ల యెడముతో తీసిన పటములను గణకయంత్రముచే సరిపోల్చినప్పుడే తెలియును. ఆనాడు నీరు త్రాగకుండ పోయినను, యంత్రము మాఱినను కొలత తప్పును. అందుచే రోగులకు నేను చెప్పునది ఒకటే: వీలైనంతవఱకు ఒకేచోట పరీక్ష చేయించుకొనుడు, కాగితముతో తృప్తిపడక పటముల డిస్కును అడిగి పుచ్చుకొని ఇంటిలో భద్రపఱచుడు. పెండ్లిపత్రికలతోపాటు చూరులో చెక్కినచో అది పాడగును. అయిదేండ్లనాటి డిస్కు నేటి వైద్యుని చేతిలో పెట్టిన రోగికి, వట్టి చేతులతో వచ్చిన రోగికన్న ఎక్కువ న్యాయము జరుగును. పటముతో సమానముగా కాలమును కొలుచు సాధనములు ఇంటిలోనే కలవు: ఇరువదియైదు అడుగుల దూరము నడచుటకు పట్టిన సెకండ్లు, గుండీలు పెట్టుకొనుటకు పట్టిన సేపు. ఆఱునెలల కొకసారి తేదీతో వ్రాసియుంచినచో, సోమరితనమను నింద వేయువారికి అదియే సమాధానము.

మందులమాట. ఇక్కడను సుబ్బారావుగారి పేరు తిరిగి వచ్చును. అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున 1940 దశకమున తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధులలో మెథొట్రెక్సేటు ఒకటి. రక్తపు పుట్టకుఱుపునకు పుట్టిన ఆ మందు కీళ్లవాతమునకు వాడుకలోనికి వచ్చెను. 1995లో క్లీవ్‌లండ్ వైద్యులు ప్రగామి దశలోని 60మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు వారమునకు 7.5 మిల్లీగ్రాములు చొప్పున దానిని రెండేండ్లు ఇచ్చి చూచిరి. చేతుల పనితనములో కొంత మేలు కనబడినది. నడకలో చెప్పదగినంత లేదు. గొప్ప విజయము కాకపోయినను, ప్రగామి దశలో ఏమియు చేయలేమను నిరాశను అది కొంచెము కదలించినది. 1948లో కాలధర్మము నొందిన సుబ్బారావుగారు దీనినెఱుగరు.

ప్రథమ ప్రగామికి మొట్టమొదట అమెరికా ప్రభుత్వము అంగీకరించిన మందు ఓక్రెలిజుమాబ్. అది 2017 మార్చిలో. 732మందిపై జరిపిన పరీక్షలో, మూడునెలలపాటు నిలిచిన క్షీణత మందు పొందినవారిలో నూటికి 32.9మందికిని, పొందనివారిలో 39.3మందికిని కలిగెను. తేడా కలదు, కాని స్వల్పము. కారణము ఊహింపదగినదే: ఆ మందు రక్తములోని బి-కణములను తుడిచివేయును గాని పెద్ద అణువగుటచే మెదడులోనికి చేరునది బహుస్వల్పము. గండిని పూడ్చును, ఊటను అంతగా తాకదు. మెదడులోనికి చొచ్చి కాపరికణములను శాంతింపజేయుటకై రూపొందించిన టోలెబ్రూటినిబ్ అను మందును, దెబ్బలు ఆగిపోయిన ద్వితీయ ప్రగామి వారిపై పరీక్షించి 2025లో ఫలితములు ప్రకటించిరి: ఆఱునెలలు నిలిచిన క్షీణత మందు గుంపులో నూటికి 22.6, ఉత్తిమాత్ర గుంపులో 30.7. కొందఱికి కాలేయము తీవ్రముగా దెబ్బతిన్నది. ఈ రెండంకెలలో ఆశయు అపాయమును రెండును కలవు. పత్రికలలో 'వ్యాధి నయము' అను శీర్షిక చూచినప్పుడు ఈ అంకెలు జ్ఞాపకముంచుకొనవలెను. ఎవరి మెదడులో ఊట ఇంకను ఉన్నదో ఉంగరపు మచ్చలవలన ముందుగా తెలిసినచో, అట్టివారికే ఇట్టి మందు నిచ్చి, మిగిలినవారిని దాని అపాయమునుండి తప్పింపవచ్చునా యన్నది నేటి పరిశోధకులు తేల్చదలచిన ప్రశ్న. మందు విలువ లక్షలలో నుండు మనదేశపు కుటుంబమునకు ఇది విద్వాంసుల ప్రశ్న కాదు, పొలము అమ్మవలెనా వద్దా అను ప్రశ్న.

గడోలినియము మాటకూడ ఒకటి చెప్పవలెను. పలుమాఱులు ఎక్కించినచో ఆ లోహము కొంత మెదడులో నిలిచిపోవునని 2014లో జపాను వైద్యులు గమనించిరి. దానివలన హాని కలిగినట్లు ఋజువు లేకపోయినను, అవసరము లేనిదే ఎక్కించరాదన్న జాగ్రత్త పెరిగినది. పైన చెప్పిన నారాయణగారే 2020లో, వేయిమందికి పైగా రోగుల పటములతో గణకయంత్రమునకు శిక్షణ నిచ్చి, ద్రావకము ఎక్కింపని పటమును చూచియే ఏ మచ్చ మెఱయగలదో ఊహింపజేసిరి. నాలుగింట మూడువంతుల ప్రాంతము సరిగా చెప్పినది. ద్రావకమును మానివేయుటకు ఇది చాలదు, మార్గమున్నదని చెప్పుటకు చాలును. ప్రగామి దశలో క్రొత్త మచ్చలే అరుదు గనుక, ప్రతియేటను ద్రావకము ఎందులకని వైద్యుని మర్యాదగా అడుగుటలో తప్పులేదు.

ఇక చట్టము. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరు పెట్టి తన పట్టికలో చేర్చినది. వైకల్యము నూటికి 40 పాళ్లుగా నిర్ణయమైనవారికి చట్టరీత్యా సౌకర్యములు కలవు. ఆ పాళ్లు నిర్ణయించునది దేహశక్తిలో కనబడు లోపమునుబట్టి. క్రొత్త మచ్చల సంఖ్యనుబట్టి కాదు. అయినను, పరీక్షకు పోయినప్పుడు 'మచ్చలు పెరుగలేదుగదా' అను ప్రశ్న ఎదురైనచో, ప్రగామి దశలో మచ్చ పెరుగకయే శక్తి తగ్గునని మీ నరముల వైద్యునిచే ఒక వాక్యము వ్రాయించుకొని, నడక సెకండ్ల పట్టికను దానికి జతపఱచి తీసికొనిపోవలెను.